పసికందుకు నిద్రమందు కాదు, నిద్రవేళ అలవాటు చేయాలి

నిజామాబాద్: జిల్లాలో బాలింతను చూడవచ్చిన పెద్దలు తొలుత అడిగే ప్రశ్న "బిడ్డ మంచిగ పండుకుంటున్నదా?" అని. ఏడవక గంటల తరబడి నిద్రించే శిశువును బుద్ధిమంతురాలని మెచ్చుకోవడం, రాత్రి పదేపదే లేచే శిశువును సతాయించే బిడ్డగా ఎంచడం నిజామాబాద్ పట్టణంలోను, బోధన్ చెరకు ప్రాంతపు పల్లెలలోను పరిపాటి. శిశువైద్యుల దృష్టి ఇందుకు భిన్నమైనది. పుట్టిన తొలి వారాలలో రెండు మూడు గంటలకొకసారి మేల్కొని పాలకై ఏడ్చే బిడ్డను గూర్చి వారు ఆందోళన చెందరు. లేపినా లేవని బిడ్డను గూర్చియే ఆందోళన చెందుతారు. ఈ భేదం తెలియని కారణంగా కొన్ని కుటుంబాలలో బిడ్డను నిద్రపుచ్చేందుకు చేపడుతున్న పద్ధతులు శిశువు ప్రాణానికే ముప్పు తెచ్చే స్థాయిలో ఉన్నందున, నవజాత శిశువు నిద్ర గురించి తల్లిదండ్రులకు సరియైన అవగాహన కలగవలసి ఉన్నది.

2019-20లో రాష్ట్రంలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. వాటిలో శస్త్రచికిత్స ద్వారా జరిగేవి 60 శాతానికి పైబడి ఉన్నాయి. కాన్పు సురక్షితమైనది కాని, బిడ్డ నిద్రకు సంబంధించిన అలవాట్లు ఏర్పడేది ఆసుపత్రిలో కాదు. కుట్ల నొప్పితో ఇంటికి చేరిన తల్లి పక్కన, అమ్మమ్మ, నాయనమ్మల పర్యవేక్షణలో. అందుచేత ఈ విషయమై చెప్పవలసింది తల్లికి మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికి.

శిశువు నిద్ర తీరు

నవజాత శిశువు ఇరవై నాలుగు గంటలలో సుమారు 14 నుండి 17 గంటలు నిద్రిస్తుంది. అయితే ఆ నిద్ర ఒక్క పట్టున ఉండదు. తల్లిపాలు త్వరగా జీర్ణమవుతాయి, శిశువు జీర్ణాశయం చిన్నది. కనుక రోజుకు 8 నుండి 12 సార్లు పాలు పట్టవలసి ఉంటుంది, అందులో రాత్రివేళలు కూడా చేరి ఉంటాయి. పెద్దలకు పగలు మెలకువను, రాత్రి నిద్రను కలిగించే శరీరపు గడియారం శిశువుకు పుట్టుకతో పనిచేయదు. చీకటి పడగానే నిద్రను ప్రేరేపించే మెలటోనిన్ అనే స్రావం శిశువు శరీరంలో ఒక క్రమానికి వచ్చేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి నెల లోపు బిడ్డకు పగలు రాత్రి తేడా తెలియకపోవడం మొండితనమూ కాదు, దిష్టి తగలడమూ కాదు.

శిశువు నిద్రలో సగభాగం చంచల నిద్ర. ఈ సమయంలో కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదవులు వంకర తిరుగుతాయి, నవ్వు వచ్చినట్లు కనిపిస్తుంది, చేతులు ఉలిక్కిపడతాయి, చిన్న మూలుగు వినిపిస్తుంది. దేవుడు నవ్విస్తున్నాడని, నక్క బెదిరిస్తున్నదని మన పెద్దలు చెప్పుకొనే ముచ్చట ఈ దశను చూసి పుట్టినదే. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్స్కీ అనే పరిశోధక విద్యార్థి నిద్రించే పసిపిల్లల కన్నుల కదలికలను గమనించడంతో మొదలుపెట్టి, తన ఆచార్యుడు నథానియెల్ క్లీట్మన్‌తో కలిసి 1953లో ఈ నిద్రదశను శాస్త్రలోకానికి వెల్లడించాడు. ముచ్చటగా చూస్తూ వచ్చిన దృశ్యమే పెద్ద ఆవిష్కరణకు దారి తీసిందన్నమాట.

ఈ సంగతి తెలియడం వల్ల ఇంటిలో ఒక ప్రయోజనం ఉన్నది. చంచల నిద్రలో ఉన్న బిడ్డ మూలిగిన మరుక్షణమే మేల్కొన్నదని భావించి ఎత్తుకుంటే, నిద్రిస్తున్న బిడ్డను మనమే లేపినట్లవుతుంది. మూలుగు విన్న తరువాత కొద్ది క్షణాలు ఆగి చూడాలి. కదలిక సద్దుమణిగితే బిడ్డ తిరిగి నిద్రలోకి జారుకున్నట్లే. పెదవులు చప్పరించడం, చేతిని నోటిలో పెట్టుకోవడం, తలను అటూ ఇటూ తిప్పి వెదకడం కనిపిస్తే ఆకలి అని గ్రహించి, ఏడుపు దాకా రానివ్వక పాలు పట్టాలి. ఏడ్చే పసికందును ఎత్తుకుంటే చేతి అలవాటు పడుతుందని కొందరు వారిస్తుంటారు. నెలల పిల్లలకు ఇది వర్తించదు. తొలి మాసాలలో ఏడుపుకు తక్షణం స్పందించడం వల్ల బిడ్డ చెడిపోదు. ఏడ్చి ఏడ్చి తానే పండుకుంటుందని వదిలివేయడం ఈ వయసులో తగదు.

పగలు, రాత్రి నేర్పడం

అలవాటు నేర్పడమంటే ఈ దశలో గడియారం పెట్టి పండబెట్టడం కాదు. పగటిని పగటిలా, రాత్రిని రాత్రిలా బిడ్డకు పరిచయం చేయడం. ఉదయం తలుపులు, కిటికీలు తెరిచి గదిలోకి వెలుతురు రానివ్వాలి. బాలింత గది అని పగలంతా తలుపులు బిగించి చీకటి చేసే ఆనవాయితీ కొన్ని ఇళ్లలో నేటికీ ఉన్నది. ఈదురుగాలి తగలకుండా చూడడం సబబే గాని, వెలుతురును మూసివేస్తే బిడ్డకు పగలు ఎన్నటికి తెలియాలి? పగటివేళ ఇంట్లో మామూలు చప్పుళ్లు ఉండవచ్చు, మేల్కొన్న కొద్దిసేపు బిడ్డతో మాట్లాడవచ్చు, ఆడించవచ్చు. రాత్రి పాలు పట్టేటప్పుడు చిన్న దీపం మాత్రమే ఉంచి, మాటలు తగ్గించి, పాలు తాగగానే భుజాన వేసుకొని త్రేన్పు తీయించి పండబెట్టాలి. తల్లిపాలలో సైతం రాత్రివేళ మెలటోనిన్ అధికంగా ఉంటుంది. రాత్రి పాలు మాన్పి డబ్బాపాలు పట్టే ఆలోచన ఈ కారణంగా కూడా మేలైనది కాదు.

ఈ జిల్లాకు ప్రత్యేకమైన ఒక ఇబ్బందిని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. నిజామాబాద్ జిల్లా నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు అధికం. బిడ్డ పుట్టిన వేళ తండ్రి దుబాయిలోనో, సౌదీ అరేబియాలోనో ఉండే కుటుంబాలు కోకొల్లలు. దుబాయి సమయం మన కంటె గంటన్నర, సౌదీ సమయం రెండున్నర గంటలు వెనుక ఉంటాయి. తండ్రి డ్యూటీ ముగించి, వంట చేసుకొని, సౌదీలో రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండున్నర అవుతుంది. కన్నబిడ్డను చూడాలన్న తండ్రి కోరికను తప్పుపట్టేవారెవరూ ఉండరు. కాని దీపం వేసి, నిద్రలో ఉన్న పసికందును లేపి, ఫోను వెలుగులో ముఖం చూపించడం ప్రతి రాత్రీ జరిగితే బిడ్డకు అర్ధరాత్రి ఆటవేళగా స్థిరపడుతుంది. వారపు సెలవునాడు పగటిపూట మాట్లాడుకోవడం, లేదా తెల్లవారి బిడ్డకు స్నానం చేయించే వేళ చూపించడం ఉభయులకూ అనుకూలం. రాత్రి కాల్ వస్తే నిద్రిస్తున్న బిడ్డను మసక వెలుతురులో దూరం నుండి చూపవచ్చును.

నూనె రాసి, ఒళ్లు మర్దించి, గోరువెచ్చని నీళ్లు పోసి పండబెట్టే మన సంప్రదాయం నిద్రకు ఎంతో ఉపకరించేదే. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో సాగే పనులు బిడ్డకు తరువాత రాబోయేది నిద్ర అని తెలుపుతాయి. జోలపాట చేసేది కూడా ఆ పనే. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బోధన్ పట్టణంలో ఒకే వీధిలో తెలుగు జోల, ఉర్దూ లోరీ, మరాఠీ అంగాయీ వినిపిస్తాయి. భాష ఏదైనా బిడ్డకు కావలసింది రోజూ అదే గొంతు, అదే లయ. స్నానానంతరం సాంబ్రాణి ధూపం పట్టే ఆచారంలో మాత్రం మార్పు అవసరం. పొగ పసికందు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ధూపం ఇంటికి వేయదలచినవారు బిడ్డను మరొక గదిలో ఉంచాలి.

మందు కల్లు – కనిపించని ముప్పు

బిడ్డను నిద్రపుచ్చేందుకు మందు వాడే దురలవాటు కొత్తది కాదు. నల్లమందు చుక్క నాకించడం, గసగసాలు నూరి పట్టడం పూర్వం అనేక ప్రాంతాలలో ఉండేవి. నేడు వాటి స్థానంలో దగ్గు మందులు, బ్రాందీ చుక్కలు వచ్చాయి. వీటిలో ఏదీ నవజాత శిశువుకు పనికిరాదు. శిశువు కాలేయం ఇంకా పరిపక్వం కానందున మందు శరీరంలో చాలాసేపు నిలిచిపోతుంది. మత్తు కలిగించే ప్రతి పదార్థమూ ఊపిరిని నెమ్మదింపజేస్తుంది. ఆ విధంగా వచ్చేది నిద్ర కాదు, స్పృహ తప్పడం.

ఈ ప్రాంతంలో అంతకంటె ఎక్కువ గమనించదగినది కల్తీ కల్లు. చెట్టు నుండి తీసిన కల్లు చాలనప్పుడు నీటిలో ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలిపి విక్రయించడం, ఎక్సైజ్ అధికారులు దాడులు జరిపి వాటిని స్వాధీనపరచుకోవడం నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలలో పలుమార్లు జరిగింది. ఆల్ప్రాజోలం, డైజీపామ్‌లు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనివి. ప్రజలు దీనిని మందు కల్లు అని పిలుచుకుంటారు. ఒళ్లు నొప్పులు తగ్గుతాయని, పాలు పడతాయని బాలింతకు కల్లు ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఆ మత్తు తల్లిపాల ద్వారా బిడ్డకు చేరుతుంది. బిడ్డ మందకొడిగా ఉండి, పాలు సరిగా గుంజక, బరువు పెరగదు. ఇంట్లోవారికి మాత్రం బిడ్డ నిద్ర బాగున్నట్లే కనిపిస్తుంది.

గర్భిణిగా ఉన్నప్పుడే తల్లి ఈ కల్లుకు అలవాటు పడి ఉంటే ముప్పు మరో రూపంలో వస్తుంది. గర్భంలో మత్తుకు అలవాటైన శిశువు, పుట్టిన తరువాత అది అందనప్పుడు వణకుతుంది, కీచుగా ఏడుస్తుంది, నిద్ర పట్టక గింజుకుంటుంది. దీనిని కడుపునొప్పిగానో, గాలి సోకడంగానో భావించి, ఒక చుక్క కల్లు నాలుకకు రాస్తే ఏడుపు ఆగుతుంది. ఆగడం చూసి ఇంట్లోవారు అదే మందని నమ్ముతారు. నిజానికి ఆ బిడ్డకు ఆసుపత్రిలో చికిత్స అవసరం. ఈ విషయాన్ని దాచకుండా వైద్యులకు చెప్పడం అన్నింటికంటె ముఖ్యం. కేసు పెడతారన్న భయంతో చెప్పకపోతే రోగ కారణం వైద్యునికి ఎట్లా తెలుస్తుంది?

ఇందులో మరొక మెలకువ ఉన్నది. ఏళ్ల తరబడి మందు కల్లు సేవించిన వ్యక్తి దానిని హఠాత్తుగా మానివేస్తే మూర్ఛలు, మతిచలనం కలిగే ప్రమాదం ఉన్నది. కనుక గర్భిణులు, బాలింతలు తమంతట తాము ఒక్కసారిగా మానివేయక, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వంటి చోట వైద్యుల పర్యవేక్షణలో మానుకోవాలి. నిందించడం వల్ల వారు ఆసుపత్రికి మరింత దూరమవుతారే తప్ప దగ్గర కారు.

ఎక్కడ, ఎట్లా పండబెట్టాలి

ఏడాది నిండే వరకు, పగలైనా రాత్రైనా, శిశువును వెల్లకిలా మాత్రమే పండబెట్టాలి. బోర్లా పండబెడితే బిడ్డ గాఢంగా నిద్రిస్తుందన్నది నిజమే. ప్రమాదం కూడా అందులోనే ఉన్నది. ఊపిరి ఆడనప్పుడు మేల్కొనే శక్తి ఆ నిద్రలో తగ్గుతుంది. అమెరికా శిశువైద్య అకాడమీ 1992లో వెల్లకిలా లేదా పక్కకు పండబెట్టాలని సూచించింది, 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. ఆ తరువాత ఆ దేశంలో నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. పక్కకు పండబెట్టడం కూడా క్షేమం కాదని అనంతరం తేలినందున నేటి సూచన వెల్లకిలా పండబెట్టడం ఒక్కటే. కక్కిన పాలు గొంతులో అడ్డుపడతాయన్న భయం సాధారణంగా ఆరోగ్యవంతులైన శిశువుల విషయంలో అనవసరం.

పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. దూది దిండ్లు, మెత్తని బొమ్మలు, బరువైన దుప్పట్లు బిడ్డ దగ్గర ఉండరాదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు సైతం రాత్రివేళ ఎవరూ చూడనప్పుడు ఉంచదగినది కాదు. బిడ్డ తల్లి గదిలోనే, చేయి చాచితే అందే దూరంలో, వేరే పక్కపై పడుకోవడం ఉత్తమం. ఒకే గదిలో, ఒకే మంచంపై ఇంటిల్లిపాదీ నిద్రించే పేద కుటుంబాలకు ఈ మాట చెప్పడం సులువు, ఆచరించడం కష్టం. అటువంటి చోట కనీసం మద్యం, కల్లు సేవించినవారు, పొగతాగేవారు బిడ్డ పక్కన పడుకోరాదన్న నియమాన్నైనా కచ్చితంగా పాటించాలి.

ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసే వేడుక ఈ ప్రాంతంలో ఘనంగా జరుపుకుంటారు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల బిడ్డను త్వరగా ఊరడిస్తుందనడంలో సందేహం లేదు. అయితే చీర మడతలో బిడ్డ గడ్డం ఎదకు ఆనుకొని మెడ వంగితే శ్వాసకు అడ్డం ఏర్పడుతుంది. ఉయ్యాలలో ఊపి ఊరడించిన తరువాత, కనురెప్పలు వాలుతుండగానే సమతలమైన పక్కపైకి మార్చడం మేలు. మగతలో ఉన్నప్పుడే పక్కపై వేస్తే, ఊపు లేకుండా నిద్రపోవడం బిడ్డకు కొద్దికొద్దిగా అలవడుతుంది.

1923-31 మధ్య మంజీర నదిపై నిర్మించిన నిజాంసాగర్ కాలువల నీటితో ఈ ప్రాంతమంతా చెరకు, వరి విస్తరించింది. నీటితో పాటు దోమలూ వచ్చాయి. దోమల చుట్ట పొగ కంటె దోమతెర ఎంతో మేలైనది. మే నెల ఎండలలో బిడ్డకు పలుచని నూలు వస్త్రం ఒకటి చాలును. కూలరు గాలి నేరుగా తగలరాదు. చలికాలంలో తల, పాదాలు కప్పాలి గాని, నాలుగైదు గుడ్డలు చుట్టి ఉక్కిరిబిక్కిరి చేయరాదు. మెడ వెనుక చెమట పట్టి ఉంటే వేడి ఎక్కువైందని గ్రహించాలి.

చాటలో తంబాకు, ఒడిలో బిడ్డ

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో నెలకొన్నది. శక్కర్‌నగర్ అన్న పేరు దాని వల్ల వచ్చినదే. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ కాలపు జీతాలు, చెరకు కోత కూలి తగ్గిన ఇళ్లలో వ్యవసాయ కూలితో పాటు బీడీల సంపాదనే ఆసరాగా నిలిచింది. జిల్లా అంతటా వేలాది మహిళలు ఇంటి వద్దనే బీడీలు చుడుతున్నారు. ఇంటి పట్టున ఉండి చేసే పని కావడంతో కాన్పయిన కొద్ది వారాలకే చాట ముందు కూర్చోవడం, పక్కన బొంతపై బిడ్డను పండబెట్టడం సర్వసాధారణం.

తంబాకు ధూళి బిడ్డ పక్కబట్టలపై, తల్లి చేతులపై, దుస్తులపై చేరుతుంది. నికోటిన్ చర్మం ద్వారా, శ్వాస ద్వారా తల్లి శరీరంలో ప్రవేశించి పాలలోకి వస్తుంది. నికోటిన్ బిడ్డ నిద్రను తగ్గిస్తుందని పరిశోధనలలో తేలింది. అనగా చాట పక్కన పండబెట్టిన బిడ్డ సరిగా నిద్రించకపోవడానికి ఆ చాటే ఒక కారణం కావచ్చును. పని మానుకొమ్మని సలహా ఇవ్వడం తేలిక. రోజు కూలి మీద ఆధారపడిన తల్లికి అది సలహా కాజాలదు. బిడ్డను మరొక గదిలోనో, గాలి తగిలే వరండాలోనో పెద్దవారి కనుసన్నలలో పండబెట్టడం, పాలు పట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కొని పై చీర మార్చుకోవడం, తంబాకు సంచులను పడకగదిలో నిలువ చేయకపోవడం సాధ్యమైన పనులు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

తొలి వారాలలో నాలుగు గంటలు దాటినా లేవని శిశువును లేపి పాలు పట్టాలి. తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన శిశువులు ఆకలైనా ఏడవలేరు కనుక వీరి విషయంలో అంతసేపు కూడా ఆగరాదు. వైద్యులు చెప్పిన వేళలకు లేపి పట్టాలి. లేపినా పాలు గుంజకపోవడం, ఒళ్లు వేలాడవేయడం, అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరగడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడడం, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీయడం, ఫిట్స్ రావడం వీటిలో ఏది కనిపించినా తెల్లవారనీయక 108 వాహనాన్ని పిలిపించి ఆసుపత్రికి తరలించాలి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం ఉన్నది.

రాత్రుళ్లు నిద్ర కరువైన తల్లి విషయం తరచు మరుగున పడుతున్నది. పాలు తల్లే ఇవ్వాలి గాని, త్రేన్పు తీయించడం, గుడ్డలు మార్చడం, ఎత్తుకొని తిప్పడం తండ్రి, నాయనమ్మ చేయదగిన పనులే. బిడ్డ నిద్రించినా తల్లికి నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా దుఃఖం రావడం, బిడ్డపై విముఖత కలగడం రెండు వారాలకు మించి కొనసాగితే అది చికిత్సతో నయమయ్యే వ్యాధిగా గుర్తించాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవలను 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులో పొందవచ్చును.

2011లో ప్రవేశపెట్టిన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వెళ్లి చూడవలసి ఉంటుంది. తొలి కాన్పు తల్లిగారింట జరగడం ఇక్కడి ఆచారం. గర్భిణి పేరు నమోదైనది అత్తగారి ఊరిలో, బిడ్డ ఉన్నది తల్లిగారి ఊరిలో అయినప్పుడు ఈ సందర్శనలు రెండు ఊళ్ల మధ్య జారిపోయే అవకాశం ఉన్నది. బిడ్డ ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు అందజేయడం కుటుంబ సభ్యుల పని. ఆ కబురును రెండు ఉపకేంద్రాల మధ్య సరిచూసుకోవడం ఏఎన్ఎంల పని. ఆశా కార్యకర్త వచ్చిన వేళ బిడ్డ నిద్రిస్తున్నదని తిప్పి పంపకూడదు. నిద్రలో ఉన్న బిడ్డ ఊపిరిని లెక్కించడమే సులువు; ఆపై లేపి, పాలు ఎట్లా గుంజుతున్నదో చూడడం కూడా ఆమె విధులలో భాగమే.